కడుపు పుండును మాన్పేది ఎవరు? జీర్ణాశయపు పొర, పెరుగుదల కారకాలు

మీ నాన్నగారికి 62 ఏళ్లని, మోకాళ్ల నొప్పులకు ఏడాదిగా డైక్లోఫెనాక్ మాత్రలు వాడుతున్నారని, విరేచనం తారులా నల్లగా కావడంతో ఎండోస్కోపీ చేయిస్తే జీర్ణాశయం కింది భాగంలో పుండు కనిపించిందని రాశారు. నొప్పి మాత్రలు ఆపి, పాంటోప్రజోల్, సుక్రాల్‌ఫేట్ వాడిన తర్వాత ఎనిమిదో వారంలో మళ్లీ చూస్తే పుండు మానిందని కూడా చెప్పారు. మాంసాన్ని సైతం అరిగించే ఆమ్లం మధ్య ఉంటూ ఆ పొర తనను తాను ఎలా బాగుచేసుకుందని మీరు అడిగారు. మీ డాక్టరుగారు మాటల్లో అన్న ‘గ్రోత్ ఫ్యాక్టర్లు’ ఏమిటని, అవే మాన్పేవైతే వాటినే మందుగా ఎందుకు ఇవ్వరని అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా ఎండోస్కోపీ గదిలో ఈ పుండ్లను చూస్తూ, వైద్య విద్యార్థులకు ఇదే విషయం చెబుతూ వచ్చినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. తొందరపడకుండా చదవండి.

ముందుగా ఒక అలవాటు మాటను సరిచేసుకోవాలి. ‘పాంటోప్రజోల్ పుండును మాన్పింది’ అని రోగులూ అంటారు, మేమూ అంటాము. నిజానికి ఆ మాత్ర చేసింది ఆమ్లం ఊరడాన్ని తగ్గించడం మాత్రమే. పుండు అంచున ఉన్న కణాలు కదిలి ముందుకు వచ్చాయి, వాటి వెనుక కొత్త కణాలు పుట్టాయి, అడుగున కొత్త రక్తనాళాలు మొలిచాయి, గాయాన్ని పూడ్చే నారను నేసే తంతుకణాలు గుంటను పూడ్చాయి. ఈ పనుల్లో ఏ ఒక్కటీ మాత్ర చేసింది కాదు. ఏ కణం ఎప్పుడు కదలాలో, ఎప్పుడు రెండుగా విడిపోవాలో, ఎక్కడ రక్తనాళం మొలవాలో చెప్పే కబుర్లు పెరుగుదల కారకాలనే చిన్న ప్రొటీన్ల ద్వారా నడుస్తాయి. వాటి పనికి ఆమ్లం అడ్డు రాకుండా చూడడమే మందు చేసిన సాయం. ఈ తేడా మాటల్లో చిన్నదే గాని, ఇది తెలిస్తే ఏ మందు ఎందుకు ఇస్తారో, ఏ అలవాటు ఎందుకు మానమంటారో విడమరచి చెప్పనక్కరలేకుండా అర్థమవుతుంది.

మామూలు రోజుల్లో ఏం జరుగుతుందో చూడండి. మన జీర్ణాశయం రోజుకు సుమారు 2 లీటర్ల రసం ఊరుస్తుంది. లోపలి పీహెచ్, అంటే ఆమ్లపు గాఢతను చెప్పే అంకె (ఎంత తక్కువైతే ఆమ్లం అంత గాఢం), 1 నుంచి 2 వరకు ఉంటుంది. అయినా పొర మీది కణాల ఉపరితలం దగ్గర పీహెచ్ దాదాపు 7, అంటే మంచినీళ్లంత తటస్థం. ఈ రెంటి మధ్య దూరం మిల్లీమీటరు కూడా ఉండదు. అక్కడ పరచుకున్న జిగురు పొర, అందులోకి కణాలు వదిలే బైకార్బొనేటు కలిసి ఈ తేడాను నిలబెడతాయి. జిగురు కింద ఒకే ఒక వరుసలో, పక్కపక్కన గట్టిగా అతుక్కున్న కణాలుంటాయి. వాటి కింద చిక్కటి రక్తకేశనాళికల వల ఉంటుంది. జిగురును దాటి లోపలికి చొరబడిన కొద్దిపాటి ఆమ్లాన్ని ఆ రక్తప్రవాహమే తటస్థపరచి కొట్టుకుపోతుంది. పైవరుస కణాల ఆయుష్షు మూడు నుంచి ఐదు రోజులు మించదు. వాటి స్థానంలోకి గ్రంథుల మెడ భాగంలో పుట్టిన కొత్త కణాలు మెల్లగా పైకి జరిగి వస్తాయి. అంటే కడుపు పొర ఒకసారి వేసి వదిలేసిన సున్నం కాదు, ప్రతి వారం కొత్తగా అలికే నేల. ఈ నిత్యపు అలుకుడును నడిపించే ప్రధాన కారకం ఆ పొరలోనే తయారయ్యే టీజీఎఫ్-ఆల్ఫా. అది 50 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. పుట్టినచోటే, పక్క కణం మీదే పనిచేస్తుంది.

దీనికి అన్నలాంటిది ఈజీఎఫ్, అంటే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. దాని కథ కడుపుతో మొదలు కాలేదు. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించినప్పుడు వాటి కనురెప్పలు ఉండవలసిన దానికంటే చాలా రోజులు ముందుగా తెరుచుకున్నాయి, పళ్లు ముందుగా మొలిచాయి. ఆ మార్పుకు కారణమైన ప్రొటీన్‌ను విడదీసి 1962లో ఆయన ప్రకటించారు. చర్మపు పైపొర కణాలను పెంచుతుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది. ఇంకోవైపు, మనిషి మూత్రంలో కడుపు ఆమ్లాన్ని తగ్గించే పదార్థమేదో ఉందని అంతకు కొన్ని దశాబ్దాల ముందే గమనించి దానికి యూరోగాస్ట్రోన్ అని పేరు పెట్టారు. 1975లో హ్యారీ గ్రెగరీ దాన్ని శుద్ధిచేసి నిర్మాణం చూస్తే, 53 అమైనో ఆమ్లాల్లో 37 ఎలుక ఈజీఎఫ్‌తో సరిగ్గా సరిపోయాయి. కనురెప్పను తెరిచిన ప్రొటీన్, కడుపు ఆమ్లాన్ని తగ్గించిన ప్రొటీన్ రెండూ ఒక్కటేనని అలా తేలింది. 1986లో కోహెన్‌కు రీటా లెవీ-మోంటల్చీనితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆమ్లాన్ని తగ్గిస్తుంది కాబట్టే కడుపును కాపాడుతుందని అప్పట్లో అనుకోవడం సహజం. ఆ అనుకోలును సరిదిద్దింది పోలండ్‌లోని క్రాకోవ్ నగరానికి చెందిన స్టానిస్లావ్ కోంతురెక్ బృందం. ఆమ్లం ఊరడాన్ని ఏమాత్రం తగ్గించనంత తక్కువ మోతాదులో ఈజీఎఫ్ ఇచ్చినా ఎలుకల్లో ఆస్పిరిన్ వల్ల పొరకు కలిగే గాయాలు తగ్గుతాయని 1981లో వారు చూపించారు. అంతకు రెండేళ్ల ముందు ఆండ్రే రాబర్ట్ అనే పరిశోధకుడు ప్రోస్టాగ్లాండిన్ల గురించి, అంటే కణాలు తమ చుట్టుపక్కల పనిచేయడానికి తయారుచేసుకునే రసాయనాల గురించి, ఇలాంటి విషయమే చెప్పి, దానికి ‘సైటోప్రొటెక్షన్’, అంటే కణరక్షణ అనే మాట వాడారు. ఆమ్లం అంతే ఉన్నా పొర తట్టుకునే శక్తి పెరగవచ్చుననే ఈ ఆలోచన మా రంగంలో పెద్ద మలుపు. లాలాజల గ్రంథులను తీసివేసిన ఎలుకల్లో పుండ్లు ఆలస్యంగా మానడం, వాటికి ఈజీఎఫ్ అందిస్తే మళ్లీ త్వరగా మానడం కూడా తర్వాతి ప్రయోగాల్లో కనిపించింది. మనిషిలోనూ ఈజీఎఫ్ ఎక్కువగా వచ్చేది లాలాజలం నుంచి, ఆంత్రమూలంలోని, అంటే చిన్నపేగు మొదటి భాగంలోని, బ్రన్నర్ గ్రంథుల నుంచి. మనం రోజుకు మింగే లీటరు, లీటరున్నర ఉమ్మితోపాటు ఇదీ కడుపులోకి దిగుతూనే ఉంటుంది. గాయమైన కుక్క పుండును నాకడం, మనం వేలు తెగితే అప్రయత్నంగా నోట్లో పెట్టుకోవడం గుర్తుకు వస్తే తప్పులేదు.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. కణాలను విభజన చెందమని చెప్పే పదార్థం రాత్రింబవళ్లు కడుపులోకి కారుతూ ఉంటే పొర అదుపు లేకుండా పెరిగిపోవాలి కదా? పెరగదు. ఎందుకు పెరగదన్నదే ఈ విషయమంతటిలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే భాగం. ఈజీఎఫ్ చెప్పే మాటను అందుకునే గ్రాహకం కణానికి అన్ని వైపులా ఉండదు. జీర్ణాశయపు కుహరం వైపు ఉన్న ముఖం మీద అది దాదాపు లేదు. కణం అడుగున, పక్క గోడల మీద ఉంటుంది. కణాలు పక్కపక్కన గట్టిగా అతుక్కుని ఉన్నంతకాలం పైన తేలే ఈజీఎఫ్‌కు ఆ గ్రాహకాలు అందవు. అది ఇంటి ముందు నుంచి తిరుగుతూ వెళ్లిపోయే గస్తీవాడి లాంటిది. గోడ విరిగిన చోట మాత్రమే అతను లోపలికి అడుగు పెట్టగలడు. పొర చిట్లిన క్షణాన అడుగు గ్రాహకాలు బయటపడతాయి, ఈజీఎఫ్ వాటిని తాకుతుంది, మరమ్మతు మొదలవుతుంది. పొర మళ్లీ మూసుకుంటే దారి మూసుకుపోతుంది, ఆజ్ఞ దానంతట అదే ఆగిపోతుంది. పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చెప్పడానికి వేరే మేస్త్రీ అవసరం లేదు. ఈ పద్ధతి వల్లనే కొందరు పరిశోధకులు ఈజీఎఫ్‌ను కుహరంలో కాపలా తిరిగే పెప్టైడ్ అని వర్ణించారు. నిత్యం పొరను నిలబెట్టే పని టీజీఎఫ్-ఆల్ఫాది, గాయమైనప్పుడు అక్కరకు వచ్చే పని ఎక్కువగా ఈజీఎఫ్‌ది అనే పని విభజన కూడా ఇక్కడి నుంచే వచ్చింది.

గ్రాహకాన్ని తాకిన తర్వాత జరిగేది క్లుప్తంగా చెబుతాను. రెండు గ్రాహకాలు జతకడతాయి. కణం లోపలున్న వాటి తోకలు ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేట్ ముద్రలు వేసుకుంటాయి. ఆ ముద్రలను చదివిన ప్రొటీన్లు వరుసగా మేల్కొని, కొంత సంకేతాన్ని కణకేంద్రకానికి, కొంత కణపు అస్థిపంజరానికి చేరుస్తాయి. కేంద్రకానికి చేరిన మాట విభజన చెందమని, అస్థిపంజరానికి చేరిన మాట కదలమని.

ఈ రెంటిలో ముందు జరిగేది కదలిక. పైపై గాయాల్లో, అంటే ఒక రాత్రి ఎక్కువ మద్యం తాగినప్పుడో, పరగడుపున ఆస్పిరిన్ వేసుకున్నప్పుడో, పైవరుస కణాలు రాలిపోతాయి. ఆ చోటు మీద జిగురు, రాలిన కణాలు, రక్తం నుంచి వచ్చిన, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ అనే ప్రొటీన్ కలిసి ఒక మెత్తటి టోపీలా కప్పుకుంటాయి. దాని కింద ఆమ్లం సోకని చిన్న ఆశ్రయం ఏర్పడుతుంది. అక్కడ గ్రంథి గుంటల నుంచి బతికి ఉన్న కణాలు చదునుగా సాగి, అరచేతిలా ముందుకు చాచిన పలచటి అంచులతో, ఖాళీ అయిన పునాది పొర మీద పాకుతూ వస్తాయి. కొన్ని నిమిషాల్లోనే మొదలై కొన్ని గంటల్లో నేల అంతా మూసుకుంటుంది. కొత్త కణం ఒక్కటి పుట్టనవసరం లేదు. ఉన్నవే జరిగి సర్దుకుంటాయి. బస్సులో ఇద్దరు దిగిపోతే మిగిలినవారు జరిగి కూర్చున్నట్టే. దీన్ని మేము రెస్టిట్యూషన్ అంటాము. ఈ కదలికకు ఈజీఎఫ్, టీజీఎఫ్-ఆల్ఫా తోడు ట్రెఫాయిల్ పెప్టైడ్లు అనే మరో కుటుంబం సాయపడుతుంది. మూడు రేకుల ఆకులా మడతపడే చిన్న ప్రొటీన్లవి. జిగురుతో కలిసే బయటికి వస్తాయి, జిగురును చిక్కబరుస్తాయి, కణాలను వడివడిగా నడిపిస్తాయి, జీర్ణరసాలకు అంత సులువుగా లొంగవు. వీటిలో మొదటిదైన టీఎఫ్‌ఎఫ్1 జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకల్లో జీర్ణాశయం కింది భాగంలో గడ్డలు పెరగడం 1996లో గమనించారు. కాపలా వ్యవస్థ దెబ్బతింటే పొర ఎంత దూరం పోగలదో దానితో తెలిసింది.

మీ నాన్నగారిది ఇంత తేలిక గాయం కాదు. పైపొరకే పరిమితమైతే దాన్ని ఒరుపు, లేదా ఎరోజన్ అంటాము. పొర కింద ఉండే పలచటి కండర పట్టీని దాటి లోతుకు దిగితేనే పుండు. అక్కడ పాకడానికి పునాదే ఉండదు. గ్రంథులు, రక్తనాళాలు, నరాలు అన్నీ పోయి గుంట మిగులుతుంది. నల్లటి విరేచనం అయిందంటే ఆ గుంటలో ఎక్కడో రక్తనాళం తెగిందన్నమాట. ఇలాంటి చోట మరమ్మతు గంటల్లో కాదు, వారాల్లో జరుగుతుంది.

అప్పుడు రకరకాల కారకాలు వంతులవారీగా రంగంలోకి దిగుతాయి. పుండు అంచులో ఉండే కణాలు ఈజీఎఫ్ గ్రాహకాలను మామూలు కంటే చాలా ఎక్కువగా తయారుచేసుకుంటాయి. పుండు అడుగున చేరిన తంతుకణాలు హెచ్‌జీఎఫ్ అనే కారకాన్ని వదిలి, అంచు కణాలను గుంటవైపు పిలుస్తాయి. ఎఫ్‌జీఎఫ్-2, వీఈజీఎఫ్ అనేవి పాత రక్తనాళాల గోడ కణాలను విభజన చెందించి కొత్త కేశనాళికలను మొలిపిస్తాయి. రెండు మూడు రోజుల్లో పుండు అడుగున ఎర్రటి గుజ్జు కణజాలం పైకి లేవడం మొదలవుతుంది. పొడి భూమిలో నారు బతకనట్టే, రక్తం అందని గుంట మీదికి పైపొర కణాలు వచ్చి నిలవలేవు. అందుకే పుండు మానే వేగాన్ని చాలావరకు నిర్ణయించేది రక్తనాళాల మొలక. జపాన్ వైద్యుల వర్గీకరణను అనుసరించి మేము పుండును మూడు దశలుగా చూస్తాము. మొదటి దశలో అడుగున దట్టమైన తెల్లటి పూత, చుట్టూ వాచిన అంచు. రెండో దశలో తెల్లపూత చిన్నదై, అంచు చుట్టూ సన్నని ఎర్రటి గీతలు కేంద్రంవైపు సాగుతాయి. మీ నాన్నగారి రెండో ఎండోస్కోపీ బొమ్మలో చుట్టూ ఉన్న మడతలు ఒక బిందువు దగ్గరకు కలిసి, మధ్యలో ఎర్రటి మచ్చ కనిపించి ఉండాలి. అది మూడో దశ. ఆ ఎరుపు కొత్త కేశనాళికలది. మరికొన్ని నెలల్లో అది తెల్లటి మచ్చగా మారుతుంది.

కొన్నిచోట్ల మరో విచిత్రం కూడా జరుగుతుంది. దీర్ఘకాలపు పుండ్ల పక్కన, ముఖ్యంగా పేగుల్లో, మామూలుగా అక్కడ లేని ఒక కొత్త రకం చిన్న గ్రంథి మొలుస్తుందని, అది తానే ఈజీఎఫ్‌ను తయారుచేసి పుండు మీదికి వదులుతుందని నికోలస్ రైట్ బృందం 1990లో చూపించింది. దూరపు లాలాజల గ్రంథి నుంచి వచ్చేది చాలకపోతే శరీరం పుండు ఒడ్డునే చిన్న లాలాజల గ్రంథి లాంటిదాన్ని కట్టుకుంటుందన్నమాట.

ఇక డైక్లోఫెనాక్ చేసిన నష్టానికి వద్దాం. ఆస్పిరిన్ కుటుంబపు మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని జాన్ వేన్ 1971లో కనుగొన్నారు. నొప్పి తగ్గేది దానివల్లనే, కడుపు చెడేది కూడా దానివల్లనే. ప్రోస్టాగ్లాండిన్లు తగ్గితే జిగురు, బైకార్బొనేటు, రక్తప్రవాహం మూడూ తగ్గుతాయి. ఇది చాలామందికి తెలిసిన విషయం. తక్కువగా చెప్పుకునేది ఇంకొకటి ఉంది. పుండు పడిన తర్వాత అంచు కణాల్లోను, అడుగు కణాల్లోను కాక్స్-2 అనే ఎంజైము పెరుగుతుంది. అది తయారుచేసే ప్రోస్టాగ్లాండిన్ ఈ2 తంతుకణాలను హెచ్‌జీఎఫ్ వదలమని ప్రేరేపిస్తుంది, వీఈజీఎఫ్‌ను పెంచుతుంది. కాబట్టి నొప్పి మాత్ర కొత్త పుండు చేయడమే కాదు, ఉన్న పుండును మాన్పే కబుర్లనూ మధ్యలోనే కోసేస్తుంది. కడుపుకు సురక్షితమని పేరున్న, కాక్స్-2ను మాత్రమే ఆపే నొప్పి మందులు కూడా ఎలుకల్లో పుండు మానడాన్ని ఆలస్యం చేశాయి. ఆ రకానికే చెందిన సెలికాక్సిబ్ వేసుకుంటే ఫరవాలేదా అని మా దగ్గరికి వచ్చేవారు తరచు అడుగుతారు. పుండు తెరిచి ఉన్నంతకాలం దాన్ని కూడా వద్దనే చెబుతాను.

అయినా నొప్పి మాత్రలు వాడే ప్రతివారికీ పుండు పడదు. ఆస్పిరిన్ మొదలుపెట్టిన మొదటి రోజుల్లో పొర మీద కనిపించే ఎర్రటి చుక్కలు, ఒరుపులు చాలామందిలో మందు కొనసాగిస్తుండగానే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. కోంతురెక్ బృందమే ఈ అలవాటుపడే గుణాన్ని పరిశీలించి, ఆ కాలంలో పొరలో టీజీఎఫ్-ఆల్ఫా, ఈజీఎఫ్ గ్రాహకాలు పెరుగుతాయని, కణవిభజన ఊపందుకుంటుందని చూపింది. అలా సర్దుకోలేని వారిలోనే పుండు పడుతుంది. వయసు మళ్లడం, పొగ తాగడం, హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉండడం ఆ సర్దుబాటును చెడగొట్టే ముఖ్య కారణాలు. వయసుతో పొరకు రక్తప్రసరణ తగ్గుతుంది. పొగతాగేవారిలో పుండ్లు ఆలస్యంగా మానుతాయన్నది ఎప్పటినుంచో తెలుసు. సిగరెట్ పొగకు గురిచేసిన ఎలుకల లాలాజల గ్రంథుల్లో ఈజీఎఫ్ తగ్గినట్టు కూడా కనిపించింది. మీ నాన్నగారు బీడీ, చుట్ట తాగుతారో లేదో మీరు రాయలేదు. తాగుతుంటే మాత్రం మాత్రలకంటే ముందు ఆపవలసింది అదే.

హెలికోబాక్టర్ మన దేశంలో పెద్దవారిలో చాలా ఎక్కువ. ఇది విడుదల చేసే వ్యాక్-ఏ అనే విషప్రొటీన్ కణాల్లో ఈజీఎఫ్ సంకేతాన్ని అడ్డుకుంటుందని ప్రయోగశాలలో తేలింది. అదే బాక్టీరియా ఇతర పదార్థాల ద్వారా అదే గ్రాహకాన్ని అసహజంగా, ఆగకుండా కూడా రెచ్చగొడుతుంది. అవసరమైన మరమ్మతు జరగదు, అవసరం లేని విభజన ఆగదు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీన్ని మొదటి తరగతి క్యాన్సర్ కారకంగా ప్రకటించిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోవలసిందే.

మరి ఈజీఎఫ్‌నే మాత్రగా ఎందుకు ఇవ్వరన్న మీ ప్రశ్నకు వద్దాం. మొదటి అడ్డంకి జీర్ణాశయమే. ఈజీఎఫ్ ఆమ్లాన్ని తట్టుకుంటుంది గాని, ఆమ్లంలో చురుగ్గా ఉండే పెప్సిన్ దాని చివర నాలుగు అమైనో ఆమ్లాలను కత్తిరిస్తుంది. 53లో మిగిలిన 49తో అది బలహీనపడుతుంది. ఆమ్లం తగ్గించే మందు వాడినప్పుడు పెప్సిన్ నెమ్మదించి, లాలాజలంతో దిగే ఈజీఎఫ్ కత్తిరింపు లేకుండా నిలుస్తుంది. పాంటోప్రజోల్ పుండుకు చేసే ఉపకారంలో ఇదీ ఒక భాగం కావచ్చునని నేను నమ్ముతాను. రెండో అడ్డంకి మరింత గట్టిది. విభజనను పెంచే పదార్థాన్ని గాయం లేని చోట్లకు కూడా పంపడం ప్రమాదం. టీజీఎఫ్-ఆల్ఫా అతిగా తయారైతే ఏమవుతుందో ప్రకృతే చూపించింది. 1888లో పియెర్ మెనెత్రియే వర్ణించిన అరుదైన జబ్బులో జీర్ణాశయపు మడతలు మెదడు మడతల్లా లావుగా పెరుగుతాయి, ఆమ్లం తగ్గిపోతుంది, రక్తంలోని ప్రొటీన్ కడుపులోకి కారిపోయి కాళ్లు వాస్తాయి. ఈజీఎఫ్ గ్రాహకాన్ని మూసివేసే సెటుక్సిమాబ్ అనే మందు ఆ రోగుల్లో కొందరికి మేలు చేసింది. జీర్ణాశయ క్యాన్సర్లలో కొన్నింటిలో ఇదే గ్రాహక కుటుంబానికి చెందిన హెర్2 అదుపు తప్పి ఉంటుంది. అలాంటి వారికి దాన్ని ఆపే ట్రాస్టుజుమాబ్ ఇస్తారు. ఒకచోట మనం ఆపడానికి ప్రయత్నిస్తున్న సంకేతాన్ని ఇంకోచోట నెలల తరబడి నోటి ద్వారా ఇవ్వడానికి వైద్యులు వెనుకాడడంలో అర్థముంది.

కంటికి కనిపించే, చేతికి అందే గాయాల మీద మాత్రం ఈ కారకాలను వాడుతున్నారు. జన్యు సాంకేతికతతో తయారుచేసిన మనిషి ఈజీఎఫ్‌ను మధుమేహుల కాలి పుండ్ల మీద పూసే జెల్‌గా మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ తెచ్చింది. ఎఫ్‌జీఎఫ్ కుటుంబానికే చెందిన కెరటినోసైట్ కారకాన్ని పాలిఫెర్మిన్ పేరుతో, రక్త క్యాన్సర్ చికిత్సలో వచ్చే తీవ్రమైన నోటిపూతకు 2004లో అమెరికాలో అనుమతించారు. కడుపు పుండుకు మాత్రం ఆ దారి తెరుచుకోలేదు. ఆమ్లం తగ్గించే మందులతోనే నూటికి అత్యధికుల పుండ్లు మానుతుంటే, అంత ఖర్చు, అంత జాగ్రత్త పెట్టి వేరే దారి వెతికే అవసరమూ తగ్గింది.

అయితే మీ నాన్నగారు తెలియకుండానే ఒక పెరుగుదల కారకపు చికిత్స పొందారని చెప్పవచ్చు. సుక్రాల్‌ఫేట్ సిరప్‌ను పుండు మీద పూతలా అంటుకునే మందుగానే చాలాకాలం చూశారు. 1991లో జుడా ఫోక్‌మన్, సాండోర్ సాబో బృందం అది ఎఫ్‌జీఎఫ్-2ను పట్టి ఉంచుతుందని, ఆమ్లంలో చెడిపోకుండా కాపాడుతుందని, పుండు మీద దాని మోతాదును పెంచుతుందని చూపింది. బయటినుంచి కారకాన్ని పోయకుండా, శరీరం వదిలిన కారకాన్నే ఉండవలసిన చోట నిలబెట్టడం ఇది. ఆ సిరప్‌ను పరగడుపున తాగమనేది, వేరే మాత్రలకు రెండు గంటల ఎడం ఉంచమనేది అది దేన్నయినా పట్టుకునే గుణం వల్లే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రం ఇంకా ఎక్కువగా, కనీసం నాలుగు గంటల ఎడం పాటించాలి. రెబామిపైడ్ అనే జపాను మందు కూడా మన దగ్గర దొరుకుతుంది. అది పొరలో ప్రోస్టాగ్లాండిన్లను, ఈజీఎఫ్‌ను, దాని గ్రాహకాన్ని పెంచుతుందని జంతు ప్రయోగాలున్నాయి. దాన్ని పాంటోప్రజోల్‌కు తోడుగా చూడాలే గాని బదులుగా కాదు.

మీరు చివర్లో జున్నుపాల గురించి అడిగారు. జున్నుపాలల్లో పెరుగుదల కారకాలు ఉన్నమాట నిజం. శుద్ధిచేసిన జున్నుపాల సారం ఎలుకల్లో ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు వల్ల కలిగే కడుపు గాయాన్ని తగ్గించింది, కొద్దిమంది ఆరోగ్యవంతుల్లో ఆ మందు వల్ల పేగు గోడ వదులు కావడాన్ని అడ్డుకుంది. అయితే మనం జున్ను వండేది పాలు గట్టిపడేదాకా, అంటే ప్రొటీన్లు రూపం మారేదాకా. ఆ ప్రయోగాల ఫలితాన్ని మన బెల్లపు జున్నుకు అంటగట్టడం సరికాదు. రుచి కోసం తినండి, మందుగా మాత్రం కాదు. ‘పుండును మాన్పే గ్రోత్ ఫ్యాక్టర్’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే పొడుల జోలికి అసలే వెళ్లవద్దు.

ఇంకొక్క విషయం మిగిలింది, అది మీ నాన్నగారికి నేరుగా సంబంధించినది. కంటికి మానినట్టు కనిపించిన పుండు లోపల కూడా పూర్తిగా మానిందని చెప్పలేము. ఆంద్రజెయ్ తర్నావ్‌స్కీ అనే పరిశోధకుడి ప్రయోగాల్లో, పైకి నునుపుగా మూసుకున్న పుండ్ల మచ్చను సూక్ష్మదర్శిని కింద చూస్తే గ్రంథులు ఉబ్బి, వంకరటింకరగా, రక్తకేశనాళికలు పలచగా కనిపించాయి. అతుకు వేసిన బట్ట అతుకు దగ్గరే మళ్లీ చిరిగినట్టు, పుండు పాత చోటే తిరిగి పడడానికి ఇది ముఖ్య కారణం. అందువల్ల ఎనిమిదో వారపు రిపోర్టు చూసి డైక్లోఫెనాక్ మళ్లీ మొదలుపెట్టవద్దు. మోకాళ్లకు పారాసిటమాల్, పైన పూసే జెల్, ఫిజియోథెరపీ, తొడ కండరాల వ్యాయామాలు ముందు ప్రయత్నించండి. గుండె కోసం చిన్న మోతాదు ఆస్పిరిన్ ఎవరైనా రాసి ఉంటే దాన్ని మీ అంతట మీరు ఆపకండి. మీ వైద్యుణ్ణి అడిగి పాంటోప్రజోల్ తోడుగా కొనసాగించాలా అని తేల్చుకోండి.

హెలికోబాక్టర్ పరీక్ష చేశారో లేదో పాత కాగితాల్లో చూడండి. రక్తస్రావం జరుగుతున్నప్పుడు, ఆమ్లం తగ్గించే మందు వాడుతున్నప్పుడు చేసిన పరీక్షలో బాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. అందుకని లేదని వచ్చినా మళ్లీ ఒకసారి, పాంటోప్రజోల్ ఆపడానికి వీలున్న సమయం చూసి, కనీసం రెండు వారాలు ఆపి శ్వాస పరీక్ష గాని మల పరీక్ష గాని చేయించడం మంచిది. బాక్టీరియా ఉంటే దాన్ని పూర్తిగా తొలగించి, తొలగిందని కోర్సు ముగిసిన నాలుగు వారాల తర్వాత నిర్ధారించుకోవాలి. జీర్ణాశయంలోని పుండు కాబట్టి అంచు నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపారా అన్నది కూడా రిపోర్టులో వెతకండి. మొదటిసారి గాని, రెండోసారి గాని పంపి ఉండకపోతే, పుండు మానింది కదా అని వదిలేయకుండా ఆ మాట మీ డాక్టరుగారిని తప్పక అడగండి. పుండు రూపంలో మొదలైన కొన్ని క్యాన్సర్లు కూడా ఆమ్లం తగ్గించే మందుకు తాత్కాలికంగా పైకి మూసుకుంటాయి, లోపల మాత్రం పెరుగుతూనే ఉంటాయి.